మళ్లీ తీయక్కర్లేని ఎక్స్‌రే



కర్నూలు పెద్దాసుపత్రిలో అయినా, కడప రిమ్స్‌లో అయినా, పొద్దున ఓపీ చీట్లు ఇవ్వడం మొదలైన గంటకల్లా ఎక్స్‌రే గది ముందు బెంచీలు నిండిపోతాయి. చోటు దొరకని వాళ్లు నేల మీదే తువ్వాలు పరుచుకుని కూర్చుంటారు. తుంటి విరిగి స్ట్రెచర్ మీద మూలుగుతున్న అవ్వ, దగ్గు తెరలు తెరలుగా వస్తున్న పెద్దాయన, వైకల్యం తేల్చే సదరం సర్టిఫికెట్టు కోసం వచ్చిన వాళ్లు, కానిస్టేబులు వెంటబెట్టుకొచ్చిన కుర్రాడు, అందరి చేతుల్లోనూ చీటీలే. కర్నూలుకైతే గద్వాల, రాయచూరు, బళ్లారి వైపు నుంచి కూడా వస్తారు. తలుపు లోపల ఒక యంత్రం, దాని పక్కన ఒక రేడియోగ్రాఫర్. ఆ పని చేసేవాణ్ని నేను. ఈ రోజు ఆ పని గురించి, అందులో మీ వంతు గురించి నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

ముందు ఈ ఆసుపత్రుల సంగతి. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన కర్నూలు, 1956లో ఆ హోదాను హైదరాబాదుకు అప్పగించింది. అదే ఏడు ఇక్కడ మెడికల్ కాలేజీ వచ్చింది. రాజధాని పోయినందుకు ఇప్పటికీ బాధపడేవాళ్లు ఉన్నారు గానీ, నన్నడిగితే రాయలసీమకు ఆ కాలేజీ, దానితో పాటు పెరిగిన ఆసుపత్రి చేసిన మేలు తక్కువేం కాదు. కడపకు ప్రభుత్వ మెడికల్ కాలేజీ రావడానికి 2006 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక మా పని. జనం మమ్మల్ని ‘ఫోటోలు తీసే సార్’ అంటారు. అననివ్వండి. కాకపోతే స్టూడియోలో ఫోటో బాగా రాకపోతే ఇంకోటి తీయించుకోవచ్చు, ఒంటికి నష్టం లేదు. ఇక్కడ మీట నొక్కిన ప్రతిసారీ మీ ఒంట్లోకి కొంత రేడియేషన్ పోతుంది. ఒక ఛాతీ ఎక్స్‌రేకు అది చాలా కొంచెం. నేల నుంచి, ఆకాశం నుంచి మనందరికీ సహజంగా సోకే రేడియేషన్‌తో పోలిస్తే కొన్ని రోజుల పాటిది, అంతే. పొట్టకు సీటీ స్కాన్ తీస్తే మాత్రం రెండు మూడేళ్ల పాటిది ఒక్కసారే పడుతుంది. డాక్టరుకు అవసరమై రాశాడంటే దానివల్ల వచ్చే లాభం ముందు ఈ నష్టం లెక్కలోకి రాదు. కానీ సరిగా రాలేదని రెండోసారి తీశామనుకోండి, మొదటిసారి పడిందంతా వృథానే. మంచి రేడియోగ్రాఫర్ అంటే నా లెక్కలో మళ్లీ తీయక్కర్లేకుండా తీసేవాడు.

ఛాతీ ఎక్స్‌రేనే తీసుకుందాం. అన్నిటికంటే ఎక్కువగా తీసేది అదే, అన్నిటికంటే సులభం అనుకునేదీ అదే. మనిషిని ప్లేటుకు ఎదురుగా నిలబెడతాం. గడ్డం పైకి, చేతులు నడుము మీద, మోచేతులు ముందుకు. అట్లా చేస్తేనే వీపు మీది రెక్క ఎముకలు పక్కకు జరిగి ఊపిరితిత్తులు తేటగా కనబడతాయి. యంత్రం వీపు వైపు ఆరడుగుల దూరాన ఉంటుంది. తోలుబొమ్మలాటలో బొమ్మ తెరకు ఆనుకుని ఉంటే గీత గీతా కనబడుతుంది, వెనక్కి జరిగితే పెద్దదై మసకబారుతుంది కదా? ఎక్స్‌రే కూడా నీడే. గుండె ప్లేటుకు దగ్గరగా, యంత్రం దూరంగా ఉంటేనే గుండె తన సైజులో పడుతుంది. లేకుంటే లేని గుండెజబ్బు ఉన్నట్టు కనబడుతుంది.

ఇక ఊపిరి. నిండా పీల్చి బిగబట్టాలి. చెప్పడానికి రెండు మాటలే, చేయించడానికి ఎంత అవస్థో! ‘గాలి పీల్చు పెద్దాయనా... ఆ, అట్లే బిగబట్టు... కదలొద్దు... ఇంక ఇడ్చు’ అంటాం. కర్నూలు పాతబస్తీ నుంచో, కడప నుంచో వచ్చిన ముసలమ్మకు ‘సాఁస్ లేవ్, రోకో’ అనాలి. ఆదోని, ఆలూరు దాటి వచ్చిన వాళ్లకు కన్నడంలో ‘ఉసిరు’ అనాలి. మూడు భాషల్లో ఊపిరి బిగబట్టించడం రాకపోతే మా సరిహద్దు ఆసుపత్రుల్లో ఉద్యోగం కష్టం. ఇది ఏ కోర్సు పుస్తకంలోనూ ఉండదు. కొంతమంది ‘బిగబట్టు’ అనగానే ఉన్న గాలంతా వదిలేసి నోరు మూసుకుంటారు. అందుకే ముందు మేమే పీల్చి చూపించి, వాళ్లతో ఒకసారి చేయించి, అప్పుడు మీట దగ్గరికి వెళ్తాం. బయట క్యూలో వాళ్లకు అది ఆలస్యంగా కనబడుతుంది. ఆ అర నిమిషం మిగుల్చుకుంటే రెండో ఎక్స్‌రే మీద పడుతుంది.

నగల గొడవ ఇంకోటి. 1895 నవంబరు 8న జర్మనీలోని వుర్ట్స్‌బర్గ్‌లో రాంట్‌జెన్ ఈ కిరణాలను కనిపెట్టాడు. ఆ డిసెంబరులో తన భార్య చెయ్యి తీశాడు. అది తీయడానికి దాదాపు పావుగంట పట్టింది. మనమిప్పుడు సెకనులో చిన్న వంతులో తీసేస్తున్నాం. ఆ చిత్రంలో వేళ్ల ఎముకలతో పాటు ఆమె ఉంగరం కూడా నల్లగా నిలిచింది. అంటే మనిషి ఒంటిని తీసిన తొలి ఎక్స్‌రేలోనే నగ అడ్డం వచ్చిందన్నమాట! మాకు రోజూ వచ్చేవి తాయెత్తు, మొలతాడుకు కట్టిన తాళంచెవులు, జాకెట్టు పిన్నీసు, మెడ వెనక తడి జడ. అవును, జడ కూడా నీడ వేస్తుంది. ఊపిరితిత్తి పైభాగంలో పడితే టీబీ మచ్చేమోనన్న అనుమానం వస్తుంది. మంగళసూత్రం తీయమంటే కొందరు ఆడవాళ్లు ఒప్పుకోరు. మేం బలవంతపెట్టం. తాడును పైకి జరిపి గడ్డం దగ్గర పట్టుకోమంటాం, పని జరిగిపోతుంది. ఎమ్మారై గదిలో మాత్రం ఈ వెసులుబాటు లేదు. అక్కడి అయస్కాంతం రాత్రీ పగలూ పనిచేస్తూనే ఉంటుంది, స్విచ్చి ఆర్పితే ఆగేది కాదు. 2018 జనవరిలో ముంబయిలో రోగికి తోడుగా వచ్చిన ఒక మనిషి ఆక్సిజన్ సిలిండరు పట్టుకుని ఆ గదిలోకి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు. గుమ్మం దగ్గర మా వాళ్లు జేబులు వెతికితే దయచేసి కోప్పడకండి.

సీమ ఆసుపత్రిలో పనిచేసేవాడికి క్యాలెండరు చూడకుండానే కొన్ని తేదీలు తెలుస్తాయి. దసరా అర్ధరాత్రి హొళగుంద మండలం దేవరగట్టులో బన్ని ఉత్సవం. మాళమల్లేశ్వర స్వామి ఉత్సవ విగ్రహాల కోసం ఊళ్లవాళ్లు కర్రలతో తలపడతారు. తలలు పగిలిన వాళ్లు తెల్లారేసరికి ఆలూరు, ఆదోని ఆసుపత్రుల్లో ఉంటారు, పరిస్థితి బాగా లేని వాళ్లు కర్నూలు వస్తారు. ఉగాది మరునాడు ఆస్పరి మండలం కైరుప్పలలో పిడకల సమరం, అందులో దెబ్బలు కాస్త తేలిక. బన్ని దెబ్బల్లో తల తర్వాత చెప్పుకోవాల్సింది ముంజేయి. తల మీదికి కర్ర వస్తే ఎవరైనా చెయ్యి అడ్డం పెడతారు. అప్పుడు చిటికెన వేలి వైపు ఎముక ఒక్కటే విరుగుతుంది. వైద్య పుస్తకాలు ఈ విరుపును లాఠీ పేరుతోనే పిలుస్తాయి. రాసినవాళ్లు దేవరగట్టు పేరైనా విని ఉండరు, కానీ మనిషి చెయ్యి ఎక్కడైనా ఒకే రకంగా పైకి లేస్తుంది కాబోలు.

ఎముకల ఎక్స్‌రే దగ్గరే మాకు ఎక్కువ మాటలు పడేది. ‘ఒకసారి తీసినారు కదా సార్, మళ్లా పక్కకు తిప్పి ఎందుకు తీస్తారు?’ అని. ఇది తప్పు దిద్దుకునే రెండోసారి కాదు. విరిగిన ఎముక ముందు నుంచి చూస్తే తిన్నగా, పక్క నుంచి చూస్తే అడ్డం తిరిగి ఉండొచ్చు. అందుకే రెండు దిక్కుల నుంచి తీయడం, ఎముకకు పైన కింద ఉన్న కీళ్లు రెండూ పడేట్టు చూడడం నియమం. ఎక్కడైనా ఒకే దిక్కున తీసి పంపేశారంటే ఖర్చు తగ్గించారని సంతోషించకండి, ‘రెండోది తీయరా?’ అని అడగండి.

కానిస్టేబులుతో వచ్చే కేసులు వేరు. జాతీయ రహదారి 44 మీద ప్రమాదాలు, పొలం గట్ల తగాదాలు. ఒకప్పుడు నాటుబాంబుల గాయాలూ వచ్చేవి, అప్పటి ఎక్స్‌రేల్లో మాంసంలో దిగిన మేకులూ రాళ్లముక్కలూ కనబడేవని మా పెద్దవాళ్లు చెప్పేవారు. ఆ రోజులు వెనకపడినందుకు అందరికంటే ముందు సంతోషించేది ఆసుపత్రుల వాళ్లే. ఇట్లాంటి ఎక్స్‌రే కోర్టుకు పోతుంది. పేరు, తేదీ, నంబరు, ఎడమా కుడా అన్న గుర్తు, వీటిలో ఏది తప్పినా కేసు తారుమారవుతుంది. పిల్లల వయసు తేల్చమని కోర్టు పంపిన కేసుల్లో మణికట్టు, మోచెయ్యి, తుంటి తీస్తాం. ఎముకల కొసలు ఎంతవరకు అతుక్కున్నాయో చూసి డాక్టర్లు వయసు అంచనా కడతారు. బాల్యవివాహం కేసులో మైనరా మేజరా అని తేల్చడానికి బడి కాయితమో, పుట్టిన తేదీ పత్రమో లేకపోతే ఆ మూడు ఎక్స్‌రేలే ఆధారం.

ఇక మన నేల సంగతి. బేతంచెర్ల, బనగానపల్లె వైపు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లలో, రాళ్ల గనుల్లో ఏళ్ల తరబడి పనిచేసిన వాళ్లు ఆయాసంతో వస్తారు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుంటే ఎక్స్‌రేలో పైభాగాన సన్నటి చుక్కలు చుక్కలుగా కనబడుతుంది. దాన్ని సిలికోసిస్ అంటారు. టీబీ కూడా పైభాగానే మచ్చలు వేస్తుంది. పైగా సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ తొందరగా అంటుకుంటుంది. ‘ఏం పని చేస్తావు అబ్బా?’ అని ఎవరూ అడక్కపోతే రోగి చెప్పడు, చీటీలో ‘దగ్గు, ఆయాసం’ అని మాత్రమే ఉంటుంది. కాబట్టి బట్టలు మార్చుకునే సమయంలో మేమే అడిగి, ఆ నాలుగు అక్షరాలు చీటీ మీద రాస్తాం. చూసే రేడియాలజిస్టుకు అది పెద్ద సాయం. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లెలో ఒకప్పుడు రాతినార తవ్వేవారు. ఆ పొడి వల్ల వచ్చే జబ్బు ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అప్పటికి మనిషి పని మానేసి మనవళ్లతో ఉంటాడు, ఆ గని ఊసే గుర్తుండదు. అందుకే చెబుతున్నాను, ఇప్పటి పనే కాదు, వయసులో చేసిన పని కూడా చెప్పండి.

నీళ్ల సంగతీ ఎముకల మీద రాసి ఉంటుంది. 1937లోనే మద్రాసు ప్రెసిడెన్సీ వైద్యులు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో నీటి ఫ్లోరైడు వల్ల ఎముకలు గట్టిపడిపోవడాన్ని గుర్తించి రాశారు. సీమ జిల్లాల్లోనూ లోతు బోర్ల నీళ్లలో ఫ్లోరైడు ఉన్న ఊళ్లున్నాయి. వెన్నుపూసలు సుద్దముక్కల్లా తెల్లగా, ముంజేతి రెండెముకల నడుమ ఉండే పొర సున్నం పట్టి గట్టిపడి కనబడితే అనుమానం అక్కర్లేదు. మోకాళ్ల నొప్పికి మాత్రలు రాయించుకుందామని వచ్చిన మనిషి ఊరి నీళ్లే పరీక్ష చేయించాల్సి వస్తుంది.

మన నేల నష్టమే చేసిందని కాదు. పాత కడప జిల్లా మంగంపేటలో దొరికే ముగ్గురాయి ప్రపంచంలోనే పెద్ద నిక్షేపాల్లో ఒకటి. ఎక్కువ భాగం చమురు బావుల తవ్వకానికి పోతుంది. ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేటు. అన్నవాహిక, పేగుల ఎక్స్‌రేకు రోగి చేత తాగించే తెల్లటి చిక్కటి ద్రవంలో ఉండేది కూడా బేరియం సల్ఫేటే, కాకపోతే మందుగా వాడేంత శుద్ధి చేసింది. ఎక్స్‌రే కిరణాలు దాన్ని దాటలేవు గనుక, అది పోయిన దారంతా తెల్లగా తేలుతుంది. అదే కారణాన ఎక్స్‌రే గదుల గోడలకు ముగ్గురాయి పొడి కలిపిన ప్లాస్టరు కూడా పూస్తారు. మంగంపేట రాయి అటు కడుపులోనూ పనికొస్తుంది, ఇటు గోడకూ పనికొస్తుంది.

మా సొంత భద్రత గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అడిగేవాళ్లు చాలామంది. ‘రోజంతా ఆ గదిలో ఉంటావు, నీకేం కాదా?’ అని. తొలి రోజుల్లో చాలామందికి అయింది. అమెరికాలో ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ ఎక్స్‌రేల వల్ల వచ్చిన క్యాన్సర్‌తో చేతులు పోగొట్టుకుని 1904లో చనిపోయాడు. ఈ పనిలో ప్రాణాలు పోయిన వాళ్ల కోసం 1936లో జర్మనీలోని హాంబర్గ్‌లో ఒక స్మారక స్తంభం కట్టారు, దాని మీద మొదట చెక్కిన పేర్లు 169. వాళ్లు నేర్పిన పాఠాల వల్లే మేం క్షేమంగా ఉన్నాం. ఛాతీ మీద ఒక ప్లాస్టిక్ బ్యాడ్జి పెట్టుకుంటాం, టీఎల్‌డీ అంటారు. మా ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో అది పట్టి ఉంచుతుంది. మూడు నెలలకోసారి దాన్ని ల్యాబుకు పంపి కొత్తది తీసుకుంటాం. ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. మామూలు జనానికి ఏడాదికి 1. తలుపు వేసి, గోడ చాటుకో సీసపు తెర వెనక్కో వెళ్లి మీట నొక్కితే మాకు తగిలేది ఆ హద్దుకు చాలా కింద ఉంటుంది. దూరం రెట్టింపు చేస్తే తాకిడి నాలుగో వంతుకు పడిపోతుంది. ఇంతకంటే చవకైన రక్షణ ఇంకోటి లేదు.

బ్యాడ్జిని గోడ మేకుకు తగిలించి పని చేసేవాళ్లను కూడా చూశాను. అది ఉద్యోగి తప్పే కావచ్చు గానీ, బ్యాడ్జీలు వేళకు తెప్పించని యాజమాన్యాలదీ తప్పే. ప్రైవేటు సెంటర్లలో ఉద్యోగంలో చేరే పిల్లలకు ఒక మాట: జీతం ఎంతని అడిగే ముందు ‘నా పేరు మీద టీఎల్‌డీ ఎప్పుడిస్తారు?’ అని అడగండి.

గదిలోకి ఎక్కువమంది రావద్దని మేం అరిచేది ఇందుకే. మనవణ్ని పట్టుకోవడానికి తాత, అవ్వ, మేనమామ అందరూ లోపలికి వస్తారు. ఒక్కరు చాలు, వాళ్లకు సీసపు ఏప్రాన్ ఇస్తాం. ఆ ఒక్కరు గర్భవతి కాకూడదు. ఆడవాళ్లను ‘నెల తప్పిందామ్మా?’ అని అడుగుతాం. అత్త పక్కన నిలబడి ఉంటే కోడలు నోరు తెరవదు, అందుకని అత్తను బయట కూర్చోబెట్టి సిస్టరు చేత అడిగిస్తాం. పెళ్లికాని పిల్లను అడిగారని మీద పడి కొట్టవచ్చిన తండ్రులున్నారు. అడగడం మా విధి. అడగని చోటే మీరు భయపడాలి.

కరోనా కాలంలో ఇదంతా తలకిందులైంది. 2021 వేసవిలో ‘నీ సీటీ స్కోరు ఎంత?’ అన్నదే పలకరింపు. 25కు ఇన్ని అని మార్కుల్లా చెప్పుకున్నారు. దగ్గు లేకున్నా, జ్వరం లేకున్నా స్కాను సెంటర్ల ముందు వరుసలు. ఆ మే నెలలో ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టరు ఒక సీటీ మూడు నాలుగు వందల ఛాతీ ఎక్స్‌రేలతో సమానమని హెచ్చరించారు. ఆ లెక్క పాత యంత్రాలదని రేడియాలజిస్టుల సంఘం కాదంది. అంకె సంగతి పెద్దలు తేల్చుకోనీండి, అవసరం లేని స్కాను వద్దన్న ఆయన మాట మాత్రం సరైనదే. ఆ నెలల్లో పీపీఈ కిట్టులో చెమట కారుతుండగా, ఒక్కో రోగి దిగాక బల్ల తుడిచి, మళ్లీ ఇంకొకరిని పడుకోబెట్టిన నా తోటివాళ్ల గురించి పేపర్లలో రాసింది తక్కువ. డాక్టర్లు, నర్సులు అన్నారు, అక్కడితో ఆపేశారు.

చెమట మాట వచ్చింది కాబట్టి వేడి సంగతీ చెబుతాను. ఎక్స్‌రే ట్యూబుకు ఇచ్చే విద్యుత్తులో 99 శాతం వేడిగానే పోతుంది, కిరణమయ్యేది 1 శాతమే. ఇక మే నెలలో కర్నూలు ఎండ మీకు తెలుసు. ఏసీ ఆగిందంటే సీటీ యంత్రం తనంతట తానే మొండికేస్తుంది, చల్లబడేదాకా కదలదు. బయట జనం ‘కావాలనే ఆపినారు’ అంటారు. రోగులకు లేని ఏసీ యంత్రానికా అని కూడా అంటారు. న్యాయమైన కోపమే. కానీ ఆ ఏసీ మా కోసం పెట్టింది కాదు.

ఇంకో కోపం. ‘ఏం సార్, ఇరిగిందా లేదా, ఆ ముక్క చెప్పేదానికేం?’ అంటారు. చెప్పకూడదు. చిత్రం చదివి తేల్చేది రేడియాలజిస్టు. మాకు ఏమీ తెలియక కాదు, చాలాసార్లు తెలుస్తుంది. సగం తెలిసిన మాట రోగి చెవిన వేయడం తప్పు. అయితే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి కుంచించుకుపోయినట్టు కనబడితే మాత్రం రిపోర్టు కోసం ఆగం, ఎక్స్‌రే పట్టుకుని క్యాజువాలిటీ డాక్టరు దగ్గరికి పరుగు తీస్తాం.

ఇంత చేసినా ఈ వృత్తికి దేశంలో ఒక చట్టం వచ్చింది 2021లో మాత్రమే, అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం. అంతవరకు ఎవరు నేర్చుకున్నారో, ఎవరు పక్కన నిలబడి చూసి పట్టుకున్నారో తేల్చే దేశవ్యాప్త పద్ధతే లేదు. ఇంటర్‌లో బైపీసీ చదివి ఇటు రావాలనుకునే పిల్లలు పారామెడికల్ బోర్డు గుర్తింపు ఉన్న కాలేజీయేనా, క్లినికల్ శిక్షణ నిజంగా ఆసుపత్రిలోనేనా అని చూసుకుని ఫీజు కట్టండి.

చివరగా ఒక విన్నపం. ఆదోనిలోనో, ప్రొద్దుటూరులోనో తీయించిన ఎక్స్‌రే ఇంట్లో మరిచిపోయి కర్నూలు, కడప వస్తే మళ్లీ తీయక తప్పదు. పోయినేటి ఎక్స్‌రే పక్కన పెట్టి చూస్తే మచ్చ పాతదో కొత్తదో ఒక్క చూపులో తేలుతుంది, ఒక్కోసారి సీటీ అవసరమే తప్పిపోతుంది. కాబట్టి పాత కవర్లు పారేయకండి. ఇప్పుడిస్తున్న ఫిల్ములు చాలావరకు వేడితో అచ్చయ్యేవి, వేడి తగిలితే నల్లబడతాయి. రేకుల కప్పు కింద, బండి డిక్కీలో, ఎండపడే కిటికీ పక్కన పెట్టొద్దు. భద్రమని లామినేషన్ చేయిస్తే మొత్తం నల్లగా మాడిపోతుంది. బీరువాలో బట్టల అడుగున పెట్టుకోండి, ఆసుపత్రికి బయలుదేరేటప్పుడు చీటీతో పాటు అదీ తెచ్చుకోండి.